ముందు లేచిన పురుగులు

నంజుండయ్యగారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని చెప్పేవారు. మడకశిర దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోయే దారిలో ఆయనకు కొద్దిపాటి మల్బరీ తోట, తోటను ఆనుకుని పట్టుపురుగులు పెంచే రేకుల షెడ్డు ఉండేవి. మఠం లేదు, కాషాయం లేదు, పాదపూజలు అంతకన్నా లేవు. అయినా పౌర్ణమి వస్తే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదిమంది చేరి ఆయన చుట్టూ కూర్చునేవారు. మనసు నిలవడం లేదు స్వామీ అని మొరపెట్టుకున్న పప్పుల అంగడి శెట్టిగారి చేత పురుగుల తట్టలన్నీ బ్లీచింగ్ నీళ్ళతో తోమించారు. మోక్షానికి దగ్గరి దారి ఏదని అడిగిన ఒక రిటైర్డు తహసీల్దారుగారికి కొడవలి ఇచ్చి ఆకు కోసుకు రమ్మంటే, ఆయన కొడవలిని గట్టు మీద పెట్టి అటునుంచి అటే బస్సెక్కి వెళ్ళిపోయాడు. పాపం, దగ్గరి దారి దొరికినట్టే ఉందని శిష్యులు చాలాకాలం నవ్వుకున్నారు. పారిపోకుండా పని చేసినవాళ్ళకు మాత్రం ఆ పనిలోనే ఎక్కడో ఒకచోట జవాబు దొరికేది. వనజాక్షి అడిగిన ప్రశ్నకు, ఆమెకు దొరికినదానికి మాత్రం ఆ శిష్యుల్లో ఎవరూ ఇంతవరకు నవ్వలేదు.

వనజాక్షి ఆయన పాత శిష్యుడి కూతురు. చిన్నప్పుడు తండ్రి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని వచ్చి, ఆ తోటలో మల్బరీ పండ్లు తిని గౌనంతా మరకలు చేసుకున్న పిల్లే. ఇప్పుడు హిందూపురంలో జాకెట్లు కుట్టే అంగడి పెట్టుకుంది. భర్త తిప్పేస్వామి లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు ఊళ్ళోనే ఉండడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు చందన. ఎనిమిదేళ్ళది, మూడో తరగతి చదువుతోంది. ఆ పిల్ల మామూలు పిల్ల కాదు. తల్లి కళ్ళకు ఏ పిల్లయినా అట్లాగే కనిపిస్తుంది లెమ్మని కొట్టిపారేయడానికి వీల్లేదు. వనజాక్షి టేపుతో కొలిచి, చెవిలో పెట్టుకున్న పెన్సిలు తీసి లెక్క వేసుకునేలోపల, మిషను కింద గుడ్డపీలికలతో ఆడుకునే ఆ పిల్ల ఎంత గుడ్డ మిగులుతుందో చెప్పేసేది. పైవాటాలో ఉండే ఏడో తరగతి అబ్బాయి లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకుని, కథల పుస్తకం చదివినట్టు చదివి, చివరి పేజీల్లో ఇచ్చిన జవాబు ఒకటి తప్పని పట్టుకుంది. ఆ అబ్బాయి నమ్మక వాళ్ళ సారుకు చూపిస్తే, సారు చాలాసేపు బుర్ర గోక్కుని, పిల్ల చెప్పిందే నిజమన్నాడట.

బడిలో ఆ తెలివే దానికి గండమై కూర్చుంది. జూన్‌లో పుస్తకాలిస్తే వానలు పడేలోపల అన్నీ చదివేసేది. టీచరమ్మ చెడ్డ మనిషేం కాదు. గదినిండా పిల్లల్ని పెట్టుకుని ఆమె మాత్రం ఏం చేస్తుంది? నీదైపోయింది కదా, చేతులు కట్టుకుని కూర్చో అనేది. చందన చేతులు కట్టుకుని కూర్చునేది. కూర్చుని కూర్చుని, దసరా సెలవుల నాటికి పిల్ల ముఖంలో కళ పోయింది. యూనిఫాం కాలరు నమిలి నమిలి పీలికలు చేసుకుంది. పొద్దున బడి బస్సు వచ్చే వేళకు కడుపునొప్పి వచ్చేది. ఆ తర్వాత పరీక్షల్లో తప్పులు రాయడం మొదలుపెట్టింది. ఏమే ఇది, నీకు తెలిసిన లెక్కే కదా అని తల్లి గదమాయిస్తే, "అన్నీ రైటు రాస్తే ఊరికే కూర్చోవాల కదమ్మా. తప్పు రాస్తే మిస్సు పిలిచి మళ్ళా చెప్తుంది. అప్పుడు కొంచేపు మాట్లాడొచ్చు" అంది. ఇంకో రోజు జడ వేయించుకుంటూ, ఉన్నట్టుండి, "అమ్మా, రేపు కూడా మూడో తరగతేనా?" అని అడిగింది. వనజాక్షికి గుండె చెరువైపోయింది.

ఆనాటి నుంచి ఆమె ఎక్కని మెట్టు లేదు. పిల్లను ఒక తరగతి దాటించి పైన కూర్చోబెట్టండి మహాప్రభో అంటే, బడి పెద్దాయన రూలు ఒప్పుకోదన్నాడు. విద్యాశాఖ ఆఫీసులో వయసు చాలదన్నారు. ఒకాయన అయితే, తల్లులందరికీ ఇదే జబ్బమ్మా అని ముఖం మీదే నవ్వాడు. చివరికి ఊరి బయట కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు బడి కరెస్పాండెంటు చందనను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగాడు. అడిగేకొద్దీ ఆయన కుర్చీ ముందుకు జరిగింది. "డబుల్ ప్రమోషన్ ఎందుకమ్మా, నేరుగా ఆరో తరగతిలో వేస్తాను. ఐఐటీ ఫౌండేషన్ బ్యాచి. కాకపోతే హాస్టల్లో ఉంచాలి, ఇంటి నుంచి వస్తానంటే కుదరదు. ఈ పిల్ల ఫొటో మా గేటు మీద నిలువెత్తున ఉంటుంది, రాసిపెట్టుకోండి" అన్నాడు. సోమవారం పొద్దునకల్లా ఏ సంగతో తేల్చి చెప్పమన్నాడు. సీటు ఆగదన్నాడు. వనజాక్షి కాళ్ళు నేల మీద ఆనకుండా మెట్లు దిగింది. కింద వరండాలో హాస్టలు పిల్లలు స్టడీ అవరుకు వరసగా పోతూ ఎదురయ్యారు. చందన వాళ్ళకు చెయ్యి ఊపింది. ఒక్కరు కూడా తల ఎత్తి చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆ సంతోషం ఆవిరైంది. ఎనిమిదేళ్ళ పిల్ల, తన జడ తాను వేసుకోలేదు, చీకట్లో ఒక్కతే బాత్రూముకు పోలేదు. తనకంటే మూడేళ్ళు పెద్ద పిల్లల మధ్య, అమ్మ లేని చోట ఎట్లా బతుకుతుంది? పంపకపోతే ఇక్కడ ఇట్లాగే కాలరు నములుకుంటూ, తెలిసిన లెక్కలు తప్పు రాసుకుంటూ, ఒకనాటికి నిజంగానే ఏమీ తెలియనిదై పోతుంది. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. భర్తకు ఫోను చేస్తే, నువ్వే ఆలోచించు, నీకు తోచిందే నాకూ అన్నాడు, వెనకాల లారీ హారన్ల మధ్య. దీనికి తోడు ఇంకొక సంగతి ఆమెను లోలోపల పీకుతోంది. ఆమెను పదో తరగతి కాగానే చదువు మానిపించి మిషను ముందు కూర్చోబెట్టారు. క్లాసు ఫస్టు వచ్చిన పిల్లను. ఇప్పుడీ తొందరలో బిడ్డ కోసం ఎంత, తన కసి తీరడం కోసం ఎంత అన్నది ఆమెకే తేలడం లేదు. శనివారం పొద్దున అంగడికి తాళం వేసి, పిల్లను వెంటబెట్టుకుని తోట దగ్గర బస్సు దిగింది.

"స్వామీ, పిల్లను పై తరగతిలో వెయ్యమంటారా, ఉన్నచోటే ఉంచమంటారా? ఆ ఒక్క మాట చెప్పండి. సోమవారం నేను జవాబు చెప్పాల. నాకు నిద్ర లేదు."

నంజుండయ్యగారు భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని చందన వైపు చూశారు. ఆ పిల్ల అప్పటికే షెడ్డు కిటికీ జాలీకి ముఖం ఆనించి లోపలికి తొంగిచూస్తోంది. "మంచి వేళకు వచ్చినావమ్మా. పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. మా బావమరిది పోయినాడు, నేను దినానికి పోవాల. రేపు సాయంత్రానికి వస్తా. అంతదాకా షెడ్డు నువ్వు చూసుకో" అన్నారు. వనజాక్షికి ఒళ్ళు మండింది. బిడ్డ బతుకు గురించి అడిగితే పురుగులకు కాపలా ఉండమంటాడా ఈయన! కానీ చిన్నప్పటి నుంచి ఆయన తీరు తెలిసిన మనిషి కాబట్టి ఆయన వెంట షెడ్డులోకి నడిచింది.

జ్వరమంటే రోగం కాదు. పట్టుపురుగు గూడు కట్టేలోపల నాలుగుసార్లు పాత చర్మం విడిచి కొత్త చర్మం తొడుక్కుంటుంది. అట్లా చర్మం మార్చుకునేటప్పుడు మేత మాని, తల పైకెత్తి, ధ్యానంలో ఉన్నట్టు కదలకుండా ఉండిపోతుంది. దాన్నే అక్కడి రైతులు జ్వరం అంటారు. ఆ వేళ తట్టలో తడి ఉండకూడదని సున్నపు పొడి చల్లుతారు. నంజుండయ్యగారు తట్టలన్నిటి మీదా సున్నం చల్లి, గంపలో కోసి ఉంచిన ఆకు మీద తడి గోనె కప్పి, చెప్పులు తొడుక్కుని, గడప దగ్గర ఆగారు. "ఒకటే మాట. కొన్ని ముందు లేస్తాయి, కొన్ని ఎనక లేస్తాయి. దాదాపు అన్నీ లేచేదాకా తట్టలో ఆకు వెయ్యొద్దు."

"మరి ముందు లేచినవి?"

"కాచుకోవాల" అని ఆయన బస్సుకు పోయారు.

ఆదివారం పొద్దున చందన ముఖం కూడా కడుక్కోకుండా షెడ్డులోకి పరుగెత్తింది. ప్రతి తట్టలోనూ అక్కడక్కడ కొన్ని పురుగులు లేచి ఉన్నాయి. ఒంటి మీద కొత్త చర్మం వదులుగా, అన్న చొక్కా తమ్ముడు వేసుకున్నట్టుగా ఉంది. ఆకలితో తలలు అటూ ఇటూ ఊపుతున్నాయి. చందన వేలు పెడితే వేలి చుట్టూ మూతి తిప్పి, అది ఆకు కాదని తెలుసుకుని, మళ్ళీ తల పైకెత్తి వెతుక్కున్నాయి. వాటి చుట్టూ మిగతావన్నీ తల ఎత్తుకుని రాళ్ళలా కూర్చుని ఉన్నాయి. కొంచెం పొద్దెక్కాక ఇంకొన్ని లేచాయి. లేచినవి కూర్చున్నవాటి మీదెక్కి, దిగి, తట్ట అంచుదాకా పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ అంచుదాకా పోయాయి.

"అమ్మా, ఇవి లేచినాయి కదా. ఏంటికి పెట్టవు?"

"మిగతావి లేవలేదు కదే."

"అవి లేవకపోతే ఇవేం తప్పు చేసినాయి?"

ఆ పిల్ల పురుగుల గురించే అడిగింది. తన గురించి అడుగుతున్నానన్న సంగతి ఆ పసిదానికి తెలియదు. వనజాక్షికి మాత్రం ఆ తట్టలో మూడో తరగతి గది కనిపించింది. చేతులు కట్టుకుని కూర్చోమన్న గొంతు వినిపించింది. మధ్యాహ్నందాకా ఎట్లాగో ఓర్చుకుంది. పిల్లకు అన్నం కలిపి ముద్ద నోటికందిస్తే, చందన నోరు తెరవకుండా, "వాటికి పెట్టిన తర్వాత తింటా" అంది. ఇంక ఆమె వల్ల కాలేదు. పోనీ, ఒక్క తట్ట! పోతే పోనీ ఆయన మాట! ఎంగిలి చెయ్యి కడుక్కుని, గోనె తీసి, రెండు చేతులా ఆకు ఎత్తి, ఎక్కువ పురుగులు లేచి ఉన్న కింది వరస తట్టలో పరిచింది. లేచినవన్నీ ఒక్కసారిగా ఆకుమీద పడ్డాయి. కరకరమని నమిలే చప్పుడు షెడ్డంతా వినిపించింది. చందన చప్పట్లు కొట్టి, గెంతి, "తింటాండాయమ్మా! చూడు, ఎంత ఆత్రమో చూడు!" అని పకపకా నవ్వింది. ఎన్ని నెలలకు ఆ నవ్వు! వనజాక్షి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంక గురువుగారిని అడిగేదేముంది? ఆకలైన బిడ్డకు పెట్టాలి. అంతే. సోమవారం పొద్దున కరెస్పాండెంటుకు సరేనని చెప్పాలి. పిల్ల అక్కడ నవ్వుతుంది. తల్లికి దూరమైతే ఏం, నవ్వుతుంది కదా. ఆమె మనసు తేలికపడి, పిల్లకు కడుపునిండా అన్నం తినిపించింది.

సాయంత్రం ఎండ వాలాక నంజుండయ్యగారు వచ్చి, కాళ్ళు కడుక్కుని నేరుగా షెడ్డులోకి నడిచారు. కింది తట్ట దగ్గర ఆగారు. వేలితో మెల్లగా ఆకు పైకెత్తారు. పైన తిన్నవి నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆకు కింద, అప్పటికింకా జ్వరంలోనే ఉన్నవి, తిన్నవాటి పెంటలో, ఆకు తడిలో, కాళ్ళ కింద నలిగి ఉన్నాయి. కొన్నిటికి పాత చర్మం సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. అవి ఇంక లేవవు. ఆలస్యంగా లేచిన కొన్ని, ఈనెలు తప్ప ఏమీ మిగలని ఆకుల మీద పాకుతున్నాయి. ఆయన ఒక వల తెచ్చి తట్ట మీద పరిచి, దాని మీద నాలుగు ఆకులు వేసి, వలమీదికెక్కిన బలమైనవాటిని వేరే తట్టలోకి మార్చారు. చచ్చినవాటిని ఒక్కొక్కటే ఏరి చేటలో వేశారు.

"నావల్లే స్వామీ" అంది వనజాక్షి.

"అమ్మ కాదు తాతా, నేనే పెట్టమన్నా" అంది చందన.

"ఆకలైనదానికి పెట్టినారు. దాంట్లో నేను తప్పు పట్టేదేముంది?" అన్నారాయన, ఏరడం ఆపకుండా.

వనజాక్షికి సిగ్గుతో పాటు ఒక విధంగా ఊరట కూడా కలిగింది. ఏదైతేనేం, జవాబు దొరికింది. కాచుకోవాలన్నమాట. తొందరపడి ముందుకు తోస్తే ఎవరికీ మంచిది కాదు. పిల్లను ఉన్నచోటే ఉంచాలి. ఇంట్లో తనే ఏదో ఒకటి నేర్పుకోవాలి. "అర్థమైంది స్వామీ. అన్నిటితో పాటే లేవనియ్యాలంటారు" అంది. నంజుండయ్యగారు చేట ఆమె చేతికిచ్చి, ఆకు వెయ్యని తట్టల వైపు నడిచారు. అక్కడ పురుగులన్నీ ఇప్పుడు లేచి, ఒకే తీరుగా, ఒకే ఎత్తున తలలూపుతున్నాయి. చూడముచ్చటగా ఉన్నాయి. ఆయన వంగి తట్టల కింద నేల చూపించారు. పొద్దున లేచినవి ఆకలికి అంచులు దాటి కింద పడి ఉన్నాయి. చీమలు పట్టి ఉన్నాయి. కొన్నింటిని చీమలు అప్పటికే గోడవారకు లాక్కుపోతున్నాయి. తట్టల అంచుల్లో మరికొన్ని మెత్తబడి పక్కకు ఒరిగి ఉంటే, ఆయన వాటి మూతి దగ్గర లేత ఆకు పెట్టారు. అవి తినలేదు. వాటినీ ఏరి అదే చేటలో వేశారు.

"ఇవి... మీరు చెప్పినట్టు కాచుకున్నవే కదా స్వామీ?"

"ఔ."

"మరి?"

"అన్నిటికంటే ముందు లేచినవి ఇవి. అంతసేపు కాచుకోలేకపోయినాయి."

వనజాక్షి చేతిలోని చేటలోకి చూసింది. పెట్టినందుకు చచ్చినవి, పెట్టనందుకు చచ్చినవి అందులో కలిసిపోయి ఉన్నాయి. ఏది ఏదో ఇప్పుడు పోల్చుకోవడం కూడా కుదరదు. "అయితే ఏది సరి? ఏది చేస్తే బతుకుతాయి?" అని దాదాపు అరిచింది. గురువుగారి ముందు గొంతు పెంచానన్న ధ్యాస కూడా లేదామెకు.

"మా నాయన కాలం నుంచి చేస్తాండాము తల్లీ. తొందరగా పెట్టి చూసినాము, నిదానంగా పెట్టి చూసినాము. ప్రతి పంటకూ చేట నిండుతానే ఉంది."

ఆమె గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. ఇంతదూరం వచ్చింది ఈ మాట వినడానికా? ఏదో ఒక దారి చూపిస్తాడని కదా! కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. పురుగుల కోసం కాదు. తన కడుపున పుట్టిన ఆ ఒక్క పిల్లను ఏ పక్కకు తోసినా ఏదో ఒకటి పోగొట్టుకోక తప్పదని, ఆ తోసే చెయ్యి తనదేనని, తెల్లవారితే తోయాలని ఆమెకు తెలిసివచ్చింది. తల్లి అయినందుకు ఆ క్షణాన ఆమెకు భయం వేసింది. చందన వచ్చి, తల్లి బుగ్గలు తన గౌను అంచుతో తుడిచి, ఏమీ తోచక, ఆయన వెంట పోయి తట్టల్లో ఆకు పరచడానికి సాయం పట్టింది. అన్నీ లేచాయి కాబట్టి ఇప్పుడు అన్నిటికీ పెట్టవచ్చు. ఆ పిల్ల ఒక్కో ఆకూ జాగ్రత్తగా పరుస్తూ, తన ధోరణిలో తాను ప్రశ్నలు వేస్తోంది.

"తాతా, ముందర తిన్నవి ఏమైతాయి?"

"ముందర గూడు కడతాయి."

"ఎనక తిన్నవి?"

"అవి ఎనక కడతాయి."

"కట్టినాక?"

"గూళ్ళు మార్కెట్టుకు పోతాయి."

"ముందర కట్టినవి ఒక మార్కెట్టుకు, ఎనక కట్టినవి ఒక మార్కెట్టుకా?"

"అన్నీ ఒకటే మార్కెట్టుకు."

"కొనుక్కున్నోళ్ళు ఏం చేస్తారు?"

నంజుండయ్యగారి చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. వనజాక్షి తల ఎత్తింది. ఆమెకు తెలుసు. హిందూపురంలో పుట్టి పెరిగినవాళ్ళందరికీ తెలుసు. ఆమె మేనమామ దారం తీసే చోట పని చేసేవాడు. చిన్నప్పుడు అన్నం క్యారియరు ఇవ్వడానికి పోయినప్పుడు సలసల కాగే నీళ్ళలో తెల్లటి గూళ్ళు ఎగిరెగిరి పడుతుంటే చూసింది. గూడు తెగకుండా, దారం నిలువునా ఊడి రావాలంటే, లోపలి పురుగు బయటికి వచ్చేలోపలే కాగే నీళ్ళలో వెయ్యాలి. ఆ వాసన ఇప్పటికీ ఆమెకు గుర్తే. ఒద్దు స్వామీ, చెప్పొద్దు అన్నట్టు ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. ఆయన చూశారు. కానీ ఆ పిల్ల రెప్ప వాల్చకుండా ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆ చూపుకు అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాలేదు.

"నీళ్ళు కాగబెట్టి అందులో వేస్తారు పాపా. దారం కోసం."

"పురుగు లోపలుండంగానే?"

"లోపలుండంగానే."

చందన చేతిలో ఉన్న ఆకు వైపు చూసింది. తట్టలోకి చూసింది. వలతో మార్చిన తట్టలో ముందు తిన్నవి, పక్క తట్టలో ఇప్పుడు తింటున్నవి, అన్నీ తలలు వంచుకుని ఒకటే ఆత్రంగా నములుతున్నాయి. ఆ పిల్ల ఏడవలేదు. లెక్క తేలనప్పుడు నొసలు చిట్లించినట్టు చిట్లించి, ముసలాయన్ను అడిగింది.

"అట్లయితే మనం వీటికి ఆకు ఏంటికి పెడుతున్నాం తాతా?"

నంజుండయ్యగారు చేతులు తువ్వాలుకు తుడుచుకున్నారు. తుడిచిన చేతినే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నారు. పది ఊళ్ళవాళ్ళు స్వామీ అని పిలిచే ఆ మనిషి ముఖం అప్పుడు ఎంతో ముసలిదిగా కనిపించింది వనజాక్షికి. ఆమె లేచి వచ్చి పిల్లను దగ్గరికి లాక్కుంది. బస్సు వేళ అవుతోంది. ఇంక ఏమీ తోచక, వచ్చినప్పుడు అడిగిన మాటే మళ్ళీ అడిగింది.

"రేపు పొద్దున నేను వాళ్ళకు ఏం చెప్పాల స్వామీ?"

నంజుండయ్యగారు ఆమె వైపు చూడలేదు. ఆమె కొంగు పట్టుకుని, జవాబు కోసం ఇంకా తల ఎత్తి నిలబడి ఉన్న చందన వైపే చూస్తూ అన్నారు:

"నువ్వడిగింది పిల్లను ఏ తట్టలో పెట్టాల అని. పాప అడిగింది అది కాదు. ముందు పాపకు జవాబు చెప్పు తల్లీ."